వాడిన కందిమొక్కకు పదవ తరగతి పాఠము

కంది చేను పూతకు వచ్చు దినములలో ఒకనాటి ఉదయము రైతు చేనికి పోవును. నిన్నటివరకు నిటారుగా నిలిచిన మొక్కలలో పది పదిహేను తలలు వాల్చి కనబడును. నేలను కాలితో గీరి చూచిన తడి తగులును. ఆకు తిరగేసి చూచిన పురుగు లేదు. కొందరు నీరు చాలలేదని బోరు వదలుదురు. కొందరు దుకాణమునకు పోయి అమ్మువాడు చేతికిచ్చిన మందు తెచ్చి చల్లుదురు. వారము తిరుగకముందే ఆ మొక్కలు నిలువున ఎండిపోవును. ప్రక్కనున్నవి వాడ మొదలిడును. కరెంటు, మందు, కూలి అన్నియు నేలపాలగును.

ఆ రైతు ఇంట పదవ తరగతి చదువు బిడ్డ ఉన్నచో, ఆ మొక్కకు ఏమైనదో చెప్పగల పాఠము ఆ బిడ్డ పుస్తకాల సంచిలోనే ఉన్నది. జీవశాస్త్ర పుస్తకములో, మొక్కలలో నీరు, ఆహారము ఏ త్రోవన పోవునో తెలుపు పాఠమది. ‘దారువు నీటిని, పోషక కణజాలము ఆహారమును రవాణా చేయును’ అని బిడ్డ వ్రాయును, మార్కు పడును. అయితే ఆ దారువు కందికట్టెలో ఎచ్చట ఉన్నదో కంటితో చూడని బిడ్డకు, తండ్రి చేలో అది మూసుకొనిపోయిన సంగతి ఎట్లు తెలియును? ఆ పాఠమును చేలో, బడిలో చూపు పద్ధతి ఏమో, అది రైతునకు ఎట్లు పనికివచ్చునో రైతులకును, గ్రామములో పనిచేయు ఉద్యోగులకును తెలుపుటకే ఈ నాలుగు మాటలు.

ఆత్మకూర్ (ఎస్) మండలమును ఉదాహరణగా తీసికొందము. పేరులోని ‘ఎస్’ సూర్యాపేటకు గుర్తు. ఇట్లే యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆత్మకూర్ (ఎం) ఒకటి ఉన్నది కనుక ఈ గుర్తు అవసరమైనది. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, అటుపిమ్మట క్రొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినది. దిగువన కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు 1967 నుండి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరున్నది. సూర్యాపేట ప్రక్కన మూసీ ప్రాజెక్టు 1963లో పూర్తియైనది. ఆత్మకూరు వైపు మాత్రము బావులు, బోర్లు, చెరువులే చాలకాలము దిక్కు. శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు ఆ తరువాతి మాట. ఇట్టి చోట నీరు ఎక్కించుట యనగా ఏమో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత పాఠమును మోటారు వద్దనే మొదలుపెట్టుట మేలు.

మోటారు లేని ఎత్తిపోతల

వెనుకటి దినములలో బావి గట్టున ఇంజను బిగించి నీరు తోడినవారికి ఒక సంగతి అనుభవములో ఉన్నది. నీటిమట్టము సుమారు 25 అడుగులు దాటి దిగిపోయిన గట్టుమీది పంపు నీరు లాగదు. ఇంజనును బావిలోనికి దింపి గద్దె కట్టవలసి వచ్చెడిది. పంపు ఎంత గొప్పదైనను గొట్టములోని గాలిని తీసివేయగలదే గాని, నీటిని పైకి నెట్టునది బయటి గాలి బరువే. ఆ బరువు లెక్కకు 10 మీటర్ల నీటిని మాత్రమే నిలుపగలదు. అంతకు మించిన లోతునుండి నీరు రావలెనన్న పంపును నీటిలోనికే దింపి క్రిందినుండి నెట్టవలెను. బోరులో వేయు సబ్‌మెర్సిబుల్ మోటారు చేయు పని అదియే.

మరి మీ గట్టున ఉన్న తాటిచెట్టు 60 అడుగులకు పైబడి పెరుగునే, దాని మొవ్వుకు నీరెట్లు ఎక్కుచున్నది? అమెరికాలోని కాలిఫోర్నియా అడవులలో 115 మీటర్లు దాటిన చెట్టు కూడ ఉన్నది. దానికిని మోటారు లేదు.

ఈ ప్రశ్నకు 1894లో డబ్లిన్ నగరమున డిక్సన్, జోలీ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానము నేటికిని నిలిచియున్నది. చెట్టులో నీటిని లాగునది ఆకు. ఆకు అడుగుభాగమున, పైభాగమున కంటికి కనిపించని సన్నని రంధ్రములు వేలకువేలు కలవు. వానిని పత్రరంధ్రములందురు. వానిగుండా నీరు ఆవిరియై పోవును, ఇదియే బాష్పోత్సేకము. ఒక నీటికణము ఆవిరియై పోగానే దాని స్థానమునకు వెనుకనున్న కణము లాగబడును, దాని వెనుక మరియొకటి. సన్నని గొట్టములలో నీటికణములు ఒకదానినొకటి విడువక పట్టుకొని, చేదతాడువలె తెగక, వేరుకొన వరకు ఒకే వరుసగా ఉండును. పైన ఆకు లాగుచుండును, క్రింద వేరు నేలనుండి అందించుచుండును. తాడు లాగుటకు శక్తినిచ్చునది ఎండ. అందుకే మొక్క ఎండలో ఎక్కువ త్రాగును, రాత్రి తక్కువ త్రాగును.

మన దేశమున ఆచార్య జగదీశచంద్ర బోసు 1923లో ఈ విషయముపై ఒక గ్రంథము వెలువరించి, కాండములోని జీవకణములు గుండెవలె కొట్టుకొనుచు నీటిని ఎక్కించునని వాదించెను. ఆయన పరికరముల సున్నితత్వమును లోకము మెచ్చినది గాని, ఈ వాదము మాత్రము తరువాతి పరిశోధనలలో నిలువలేదు. పెద్దవారు చెప్పినంత మాత్రమున సరిపోదనియు, పరీక్షకు నిలువవలెననియు పిల్లలకు చెప్పుటకు ఇది మంచి సందర్భము.

నీటి గొట్టములు, అనగా దారునాళములు, చచ్చిన కణములు. లోపల ఏమియు లేని బోలు గొట్టములు; గోడలు మాత్రము గట్టివి, కట్టు కట్టినట్లుండును. మోటారుకు రెండు రకముల గొట్టములు ఉన్న సంగతి గుర్తు తెచ్చుకొనుడు. నీరు లాగు వైపు ముడతలతో గట్టిగా ఉన్న గొట్టము, నీరు వదలు వైపు మెత్తని గొట్టము బిగింతుము. లాగు వైపు మెత్తనిది బిగించిన అది లోనికి అతుక్కొనిపోవును. మొక్క కూడ అంతే చేసినది. లాగుడు గల దారినాళములకు గట్టి గోడలు కట్టినది.

లాగు గొట్టములో గాలి చొరబడిన మోటారు నీరు పోయదు. మొక్కకును ఇదే బాధ. కోసిన పూలకొమ్మ నీళ్ళలో పెట్టినను కొన్నిమార్లు వాడిపోవుటకు కారణము కోత వద్ద గాలి ప్రవేశించుటయే. కొమ్మను నీటిలో ముంచి, నీటిలోనే మరి అంగుళము కోసిన తేరుకొనును. వరినారు పీకునపుడు లేత వేళ్ళు తెగిపోవును. ఆకు మాత్రము ఆవిరి వదలుచునే ఉండును. రాబడి తగ్గి ఖర్చు తగ్గని సంసారమువలె నారు రెండు మూడు దినములు పాలిపోయి ఉండుట అందుచేతనే. వేళ్ళు తెగకుండ మెత్తని మడిలో నారు పీకి, పీకినది పీకినట్లే అదే పూట నాటుట మంచిదనుట ఇందుకే.

మొక్క త్రాగిన నీటిలో నూటికి సుమారు 97 పాళ్ళు ఆవిరియై పోవును. మొక్క తన ఒంటికి ఉంచుకొనునది మూడు పాళ్ళే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు కుండీలో పెంచిన మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను ఉదయము సాయంత్రము తూచి, అది పన్నెండు గంటల పగటిలో సగటున 20 ఔన్సుల నీరు, అనగా అరకిలోకు పైగా, వదలుచున్నదని 1727లో ప్రకటించెను. త్రాసు, కుండీ, ఓపిక తప్ప ఆయన వద్ద మరేమియు లేవు. ఈ మూడును ఏ ఉన్నత పాఠశాలలోనైనను దొరకును.

ఇంత నీరు వృథా కాదా అని అడుగవచ్చును. పత్రరంధ్రములు తెరువనిదే ఆకులోనికి బొగ్గుపులుసు గాలి రాదు. అది రానిదే పిండిపదార్థము తయారుకాదు. తలుపు తెరచిన గాలి వచ్చును, తేమయు పోవును. పైగా నేలలోని నత్రజని, పొటాషు నీటిలో కరిగి ఈ ప్రవాహముతోనే ఆకును చేరుచున్నవి. నేల ఎండినపుడు మొక్క రంధ్రములు మూసికొని ప్రాణము నిలుపుకొనును గాని, ఆ గంటలలో ఆహారము తయారీ కూడ ఆగును. పొట్టదశలో వరికి నీటియెద్దడి కలిగిన గింజ తగ్గుటకు ఇది ఒక కారణము.

బడిలో చూపదగిన పని

మొదటిది రంగునీరు. తెల్ల చామంతి కొమ్మనుగాని, లేత చిలుకముక్కు పూలమొక్కనుగాని ఎర్ర సిరా కలిపిన నీటిలో నిలుపవలెను. కుంకుమ వాడరాదు; అది నీటిలో కరుగదు, అడుగున చేరును. సిరాగాని, మిఠాయిలలో వేయు రంగుగాని పనికివచ్చును. కొన్ని గంటలలో పూరేకుల అంచులలో ఎరుపు కనబడును. అంతటితో ఆపరాదు. కాండమును బ్లేడుతో అడ్డముగా కోసి, ఎరుపు ఎచ్చట ఉన్నదో పిల్లలచేత చూపించవలెను. చిలుకముక్కు కాండములో చుక్కలు వలయముగా ఉండును. అదే పరీక్ష లేత మొక్కజొన్న కాండముతో చేసిన చుక్కలు మధ్యవరకు చెల్లాచెదరుగా కనబడును. కంది, ప్రత్తి మొదటి జాతివి. వరి, జొన్న, తాడి రెండవ జాతివి. ఈ తేడా ముందు పనికివచ్చును.

రెండవది పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. ఎండలో ఉన్న వేపకొమ్మకు, ఆకులతోనే, సంచి తొడిగి మూతి కట్టవలెను. ప్రక్కనే ఆకులు దూసిన కొమ్మకు మరియొకటి కట్టవలెను. అరగంట గడువకమునుపే మొదటి సంచి లోపల తడి పట్టును. రెండవది ఇంచుమించు పొడిగా ఉండును.

మూడవదానికి వంటయింటికే పోవచ్చును. మామిడికాయ ముక్కలకు ఉప్పు పెట్టిన ఊట దిగును గదా. ముక్కలోని నీరు ఉప్పు ఎక్కువ ఉన్న వైపునకు వచ్చుటయే ఆ ఊట. దీనినే ద్రవాభిసరణ మందురు. వేరు నేలనుండి నీరు త్రాగుటయు ఇదే సూత్రముపై ఆధారపడినది. వేరులోని ద్రవము నేల నీటికన్న చిక్కగా ఉన్నంతవరకు నీరు లోనికి వచ్చును. చౌడు నేలలో నేల నీరే చిక్కనైనది. మొదలు వద్ద గుప్పెడు యూరియా కుప్పగా పడినచోట కూడ అంతే. అప్పుడు వేరు, ఉప్పు పెట్టిన మామిడి ముక్క స్థితికి వచ్చును. తడిలో నిలిచియుండియు మొక్క మాడును.

ఇక ఉదయమున వరి ఆకుల కొనలపై ముత్యమువలె నిలుచు చుక్కలను చూపవలెను. మంచు అని అందరు అనుకొందురు. మంచు ఆకంతటను పడును. ఈ చుక్క కొనయందే, అంచులందే నిలుచును. రాత్రి ఆవిరి పోవుట తగ్గినను వేరు నీటిని నెట్టుచునే ఉండుటచే ఆకు కొననుండి అది బయటికి వచ్చును. దీనికి బిందుస్రావమని పేరు. ఈ చుక్క వేళ్ళు చురుకుగా పనిచేయుచున్నవని తెలుపు గుర్తు.

కల్లు లొట్టి చెప్పు సంగతి

నీరు క్రిందినుండి పైకి పోవును. ఆకులో తయారైన చక్కెర మాత్రము వేరుకు, కాయకు, గింజకు, మొగ్గకు, ఎచ్చట అవసరమో అచ్చటికి పోవును. దీని దారి వేరు. చెట్లలో అది బెరడు లోపలి పొరయందు ఉన్నది. ఈ దారి సంగతి తెలిసికొనుటకు రెండు చింతచెట్లను తలచుకొనుడు. ఒకదాని మానులో మనిషి దూరునంత తొర్ర ఉన్నది. అయినను ఏటేట చిగిర్చి కాయుచున్నది. తొర్ర పడినది లోపలి చేవ. అది నీరు మోయుట ఎన్నడో మానినది. బెరడు క్రింది తెల్లకర్రయే నీటిని మోయును. రెండవ చెట్టుకు ఎవరో మొదలు చుట్టును జానెడు వెడల్పున బెరడు ఒలిచిరి. ఆకులు కొంతకాలము పచ్చగానే ఉండును, ఏలయన నీటి దారి చెడలేదు. కాని వేళ్ళకు తిండి ఆగినది. నిలువయున్నంత కాలము వేళ్ళు బ్రతికి, ఆపై చచ్చును. వేళ్ళు చావగా చెట్టు చచ్చును. ఇది నెలలు పట్టవచ్చును. 17వ శతాబ్దములో ఇటలీ దేశస్థుడు మాల్పీజీ చెట్టుకు ఇట్లు వలయముగా బెరడు తీసి, గాయపు పై అంచు ఉబ్బుటను, క్రింది అంచు ఉబ్బకుండుటను గమనించెను.

తోటమాలి దీనినే తన లాభమునకు వాడుకొనుచున్నాడు. దానిమ్మ, నిమ్మ, జామ కొమ్మలకు అంగుళము వెడల్పున బెరడు తీసి, తడి నాచుగాని, మాగిన ఎరువు కలిపిన మట్టిగాని కట్టి గుత్తి అంటు కట్టుదురు. వేళ్ళు గాటుకు పై అంచుననే పుట్టును. పైనుండి దిగివచ్చు ఆహారము, వేరు పుట్టించు పదార్థము అచ్చటనే నిలిచిపోవును గనుక.

తాడికి ఇట్టి బెరడు వలయము లేదు. పైన చెప్పినట్లు దాని గొట్టములు కాండమంతట చెదరియున్నవి. కాని ఆహారపు దారిని తాటిచెట్టు చూపినంత స్పష్టముగా మరే చెట్టును చూపదు. గీత కార్మికుడు మోకు, ముస్తాదుతో చెట్టెక్కి గెల కొనను పలుచగా చెక్కి లొట్టి కట్టును. కారునది ఆహారపు గొట్టములలోని రసమే. గెల పెరిగి పూత కాయ అగుటకు చెట్టు పంపు చక్కెరను మనము దారిలో అందుకొనుచున్నాము. తాజా రసములో నూటికి ఇంచుమించు 10 నుండి 12 పాళ్ళు చక్కెర ఉండును. లొట్టికి సున్నము పూసిన పులియక నీరా అగును. పూయకున్న పులిసి కల్లగును. ప్రతి పూట మరల పలుచగా చెక్కవలసి వచ్చుటకు కారణము, కోత పడగానే ఆ గొట్టములు తమ నోళ్ళు తామే మూసికొనుట. పాఠము చెప్పువారు లొట్టి పేరెత్తుటకు సంకోచింతురేమో గాని, పల్లె బిడ్డకు ఇంతకన్న తెలిసిన ఉదాహరణ లేదు. త్రాగుట మాట వేరు, తెలిసికొనుట మాట వేరు.

గమనింపవలసినదేమన, కొమ్మ కోసిన నీటి గొట్టము గాలిని లోనికి లాగుకొనును; ఆహారపు గొట్టము రసమును బయటికి చిమ్మును. మొదటిది లాగుడు, రెండవది ఒత్తిడి. 1930లో జర్మనీ అటవీ శాస్త్రజ్ఞుడు మ్యూంచ్ దీనిని ఇట్లు వివరించెను: ఆకువద్ద గొట్టములోనికి చక్కెర చేరును, మామిడి ఊట సూత్రము చొప్పున ప్రక్కనున్న నీరు అందులోనికి దూకును, ఒత్తిడి పెరుగును. గింజవద్ద చక్కెర దిగిపోవును, ఒత్తిడి తగ్గును. హెచ్చునుండి తగ్గునకు రసము ప్రవహించును. మోటారు వదలు వైపున్న మెత్తని గొట్టము ఇది. వరిలో గింజకు పాలు పోయు కాలమున పై మూడు ఆకుల సంపాదనయే ఎక్కువ భాగము వెన్నుకు పోవుచున్నది. ఆ ఆకులు పోయిన తాలు తప్పదు.

ఈ ఒత్తిడిని కనుగొనుటకు శాస్త్రజ్ఞులకు తోడ్పడినది పేనుబంక పురుగు. అది సూదివంటి నోటిని సరిగా ఒక ఆహారపు గొట్టములోనే దింపును. 1953లో కెన్నెడీ, మిట్లర్ అనువారు పురుగు త్రాగుచుండగా సూదిని అచ్చటనే ఉంచి పురుగును తెగగోసిరి. పురుగు పోయినను సూదినుండి రసము కారుచునే ఉన్నది. అనగా పురుగు పీల్చనక్కరలేదు. మొక్కయే దాని నోటిలో పోయుచున్నది. ప్రత్తి ఆకులు జిగటగా మెరియుట, చీమలు ప్రాకుట, ఆపై నల్లని మసి పట్టుట, ఇవన్నియు పురుగు అరిగించుకొనలేక విడిచిన చక్కెరవలననే. ఆ చక్కెర కాయకు చేరవలసినది.

వరిలో సుడిదోమయు ఈ దారినే కొల్లగొట్టును. అది దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన, గుంపులుగా కూర్చుండును. రైతు గట్టుమీదనుండి చూచిన పైరు పచ్చగా ఉండును. ఒకనాడు సుడులు సుడులుగా ఎండినపుడు గాని తెలియదు. నాటునపుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట విడువుడని చెప్పుట, గాలి వెలుతురు దుబ్బు మొదటికి సోకుటకు, మందు కొట్టవలసి వచ్చిన మొదటికి తగులుటకు. నత్రజని అతిగా వేసిన రసము పురుగునకు మరింత రుచించును.

వాడిన మొక్కను పరీక్షించుట

ఇప్పుడు మొదట చెప్పిన కంది చేనికి పోవుదము. వాడుట రోగము పేరు కాదు. ఆకు లాగినంత నీరు క్రిందినుండి అందుటలేదని మాత్రమే దాని అర్థము. ఎందుకు అందుటలేదో చూడవలెను.

మధ్యాహ్నము వాడి, చల్లబడగానే తేరుకొను మొక్కకు రోగమేమియు లేదు. ఎండకు ఖర్చు పెరిగినది, అంతే. దానిని చూచి బోరు వదలుట నీటిని, కరెంటును పారవేయుట. తెల్లవారి చూచినను వాడియున్నచో సంగతి వేరు. అప్పుడు వేరు వద్ద జానెడు లోతు త్రవ్వి మట్టిని పిడికిట పట్టి చూడవలెను. ఉండకట్టక పొడియైనచో నీరు కావలెను. ఆ తీర్పు సులభము.

మట్టి తడిగా ఉండి మొక్క వాడినచో చాలమంది పొరబడుదురు. పెద్ద వానకు రేగడిలో నీరు నిలిచిన ప్రత్తి తలవాల్చును. వేరు కూడ ఊపిరి పీల్చునది. నీటిలో మునిగిన వేరుకు గాలి ఆడక నీరు త్రాగు శక్తి పోవును. ముఖ్యముగా కాయలతో నిండిన ప్రత్తి, చాలనాళ్ళు బెట్టకు గురియై ఒక్కసారిగా తడిసినపుడు చేనులో అచ్చటచ్చట హఠాత్తుగా వాడుట కలదు. ఇట్టి మొక్కను చీల్చి చూచిన కర్ర తెల్లగా, శుభ్రముగా ఉండును. నీరు తీసివేయుట, నేల ఆరగానే గుంటక తోలి గాలి ఆడనిచ్చుటయే మొదటి మందు. దీనికి మరల నీరు పెట్టువారు మునిగినవానిని మరల ముంచినవారగుదురు.

మట్టి తడిగా ఉండి, నీరు నిలువక, కంది వాడినదా? మొక్కను వేరుతో పీకి, మొదటినుండి నిలువుగా చీల్చవలెను. కర్రలో గోధుమ, నలుపు రంగు చారలు వేరునుండి పైకి ప్రాకియున్నచో అది ఎండు తెగులు. కొన్నిమార్లు కాండము మీదనే ఒక ప్రక్కగా ఊదారంగు పట్టె మొదటినుండి పైకి కనబడును. ఫ్యుజేరియం అను బూజు నేలనుండి వేరులో దూరి దారునాళములలో పెరిగి, వానిని మూసివేయును. చెరువునిండ నీరుండి తూము పూడినట్లన్నమాట. ఇట్టి మొక్కకు పైన ఏ మందు చల్లినను ప్రయోజనము లేదు. ఆ ఏడు చేయగలిగినది, ఎండిన మొక్కలను వేళ్ళతో పీకి కాల్చివేయుట. ఈ బూజు పంట మోళ్ళను ఆశ్రయించి నేలలో మూడేండ్ల వరకు బ్రతికియుండును. కనుక మరుసటి యేడు అదే చేలో కంది వేయక జొన్నవంటి పైరు వేయవలెను. జొన్నతో కలిపి సాళ్ళుగా కంది వేసినచోట తెగులు తగ్గుననుట పరిశోధనలలో తేలినది. తెగులును తట్టుకొను రకములును కలవు. పటాన్‌చెరు వద్ద 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థనుండి వచ్చిన ‘ఆశ’ అను ఐ.సి.పి.ఎల్. 87119 రకము ఎండు తెగులును, గొడ్డుమోతు తెగులును కూడ తట్టుకొనునదిగా పేరుపొందినది. విత్తనమునకు, పశువుల ఎరువునకు ట్రైకోడెర్మా పట్టించుటయు మేలు.

వరిలో ఆకు ఎండు తెగులు కూడ నీటిదారి రోగమే. ఇచ్చట బూజు కాదు, బాక్టీరియా. ఆకు అంచులవెంట కొననుండి క్రిందికి పసుపు, ఆపై ఎండుగడ్డి రంగు దిగును. అనుమానమున్నచో గాజు గ్లాసులో తేటనీరు పోసి, పచ్చకు ఎండుకు నడుమనున్న ఆకుముక్కను కోసి, కోత నీటిలో మునుగునట్లు పట్టవలెను. కొద్ది నిమిషములు మొదలు అరగంట లోపల కోతనుండి పాలపొగవంటి తీగ నీటిలోనికి దిగిన అది బాక్టీరియాయే. పోషకలోపముచేత ఎండిన ఆకునుండి ఇట్టిది రాదు. ఈ గ్లాసు పరీక్షకు కానీ ఖర్చు లేదు. యూరియా సంచి మిగులును. ఏలయన ఆకు పసుపుబారుట చూచి యూరియా వేసినవారు ఈ తెగులును పెంచుకొందురు. తెగులు తేలినచో నత్రజని ఆపి, మడిలోని నీరు తీసివేయవలెను. వాడిన టమాట కాండమునకును ఈ పరీక్ష పనికివచ్చును.

కొన్ని విత్తనశుద్ధి మందులు నీటితో కలిసి పైకెక్కునవి. ప్రత్తి విత్తనమునకు పట్టించినది లేత ఆకును చేరి, రసము పీల్చు పురుగులనుండి కొన్ని వారములు కాపాడుట అందుచేతనే. అట్టి మందును ఆకుపై కొట్టి వేరుపురుగు చచ్చునని ఆశించుట వ్యర్థము. నీటిదారిలో క్రిందికి త్రోవ లేదు.

గ్రామములో పనిచేయువారికి

పంచాయతి కార్యదర్శులకు, వ్యవసాయ విస్తరణాధికారులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. నెమ్మికల్లు, ఏపూరువంటి గ్రామములలో కంది పూతకు వచ్చు దినములలో ఒక పూట పిల్లలను చేనికి తీసికొనిపోయి, రైతు అనుమతితో వాడిన మొక్క ఒకటి, మంచి మొక్క ఒకటి పీకించి, రెండును చీల్పించుడు. నల్లచార గల కర్రను ఒకసారి చేతితో పట్టిన బిడ్డ దారువు అను మాటను మరువడు. ఆ సాయంత్రము ఇంటిలో తండ్రికి చూపును. రైతు వేదికలో మనము గంటసేపు చెప్పినదానికన్న ఇంటిలో బిడ్డ చీల్చి చూపిన కట్టెను రైతు ఎక్కువ నమ్మును. ఇది నా అభిప్రాయము, అనుభవజ్ఞులు కాదనరనుకొందును.

మరియొక సంగతి. 2015లో మొదలైన హరితహారముక్రింద బాటలవెంట, బడి ఆవరణలలో నాటిన మొక్కలు అనేకము ఇప్పుడు చెట్లైనవి. కంచెకు, బోర్డుకు, కర్రకు కట్టిన ఇనుపతీగలు కొన్నింటి మానుచుట్టు అట్లే ఉండి బెరడులోనికి దిగిపోవుచున్నవి. తీగకు పైన మాను ఉబ్బి, క్రింద సన్నగా ఉన్నచో మాల్పీజీ చూచినదే మీ బడిముందు జరుగుచున్నదని తెలిసికొనవలెను. తీగను లాగి పెరుకరాదు, బెరడు ఊడును. కత్తెరతో ఒకచోట తెంపి వదులు చేయవలెను. మేకలు బెరడు గీకిన చెట్టుకు చుట్టును కాక ఒక ప్రక్కనే గాయమైనచో అది బ్రతుకును.

అనుమానము తీరని మొక్కను గరిడేపల్లి మండలములోని గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకు తీసికొనిపోవచ్చును. పూర్తిగా ఎండిన మొక్కను తీసికొనిపోయిన లాభము లేదు. వాడుట మొదలైన మొక్కను వేళ్ళతో, వేళ్ళకున్న మట్టితో త్రవ్వి, తడి గోనెలో చుట్టి, అదే దినము చేర్చవలెను. ప్రక్కనున్న మంచి మొక్కనొకటి కూడ తీసికొనిపోవుడు. చివరిసారి నీరు ఎప్పుడు పెట్టినది, ఏ ఎరువు ఎంత వేసినది, నిరుడు ఆ చేలో ఏ పైరు ఉన్నది కాగితముపై వ్రాసి దానితో ఉంచుడు. ఆ కాగితము బిడ్డచేత వ్రాయించుడు.